యావత్తావత్తు: మాట లెక్కయైన విధము

ఈ రజతోత్సవ సంచికకు ఏదైన చరిత్రవ్యాసము వ్రాయుమని గ్రంథాలయ కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, మన దేవాలయ చరిత్రయో, పెద్దచెరువు చరిత్రయో వ్రాయుదునని వారనుకొనియుందురు. ఆ రెండింటిని నాకంటె బాగుగా ఎరిగిన పెద్దలు ఈ ఊరిలోనే కలరు. నేను ఊరి లెక్కలు వ్రాసి బ్రదుకువాడను. మా తండ్రిగారు 1984లో కరణీకములు రద్దగువరకు ఈ గ్రామమునకు కరణము. వారివద్ద గొలుసుకట్టు వ్రాత చదువుట నేర్చితిని. తరువాత జమాఖర్చులే నాకు జీవనమైనవి. సంస్కృతాంధ్రములు నేను బడిలో నేర్చినవి కావు. ఈ గ్రంథాలయపు బల్లమీద నిఘంటువు ఒక ప్రక్కను పెట్టుకొని, తప్పులు దిద్దుకొనుచు నేర్చినవి. కావున నాకు తెలిసినవి రెండే: లెక్క, మాట. అవి రెండును కలిసిన చోటి చరిత్రను వ్రాయుచున్నాను.

దీనికి నన్ను పురికొల్పినది ఒక చిన్న సంఘటన. కడచిన వేసవిలో ఒక సాయంకాలము పదవ తరగతి చదువు బాలిక యొకతె గ్రంథాలయమునకు వచ్చి, నా యెదుట కూర్చుండి, పుస్తకము తెరచి దిగులుగా చూచుచుండెను. సమీకరణమును వ్రాసి యిచ్చినచో ఆమె రెప్పపాటులో సాధింపగలదు. కాని పుస్తకములోని లెక్క మాటలలో ఉన్నది. తండ్రి వయస్సు కుమారుని వయస్సునకు మూడింతలట, పండ్రెండేండ్ల తరువాత రెండింతలగునట, కుమారుని వయస్సెంత? ఆమె ‘ఎక్సు’ను కుమారుని వయస్సుగా గ్రహించి, మూడు ఎక్సులకు పండ్రెండు కలిపి, దానిని రెండు ఎక్సులకు సమానము చేసినది.

“మామయ్యగారూ, కొడుకు వయస్సు ఋణం పన్నెండు వచ్చిందండీ” అన్నది.

పాపము, ఆమె చేసిన లెక్కలో తప్పు లేదు. పండ్రెండేండ్లు తండ్రికి గడచినవి గాని కుమారునికి గడవలేదు, అంతే. “తరువాత” అను ఒక్క మాట ఇద్దరిమీదను పనిచేయవలెనని ఆమెకు తోచలేదు. పండ్రెండును రెండు ప్రక్కలను కలిపినంతనే కుమారునికి పండ్రెండేండ్లు, తండ్రికి ముప్పదియారేండ్లు వచ్చినవి. ఆమె నవ్వుకొనుచు వెళ్లినది. నేను మాత్రము ఆ రాత్రి చాలసేపు ఆలోచించితిని. సాధించుట వచ్చినవారికి చదువుట రాకపోవుట ఏమి? ఈ చిక్కు నేటిదా, పూర్వమునుండి ఉన్నదా?

పూర్వమునుండి ఉన్నదే. బీజగణితము పుట్టిననాడు మాటలలోనే పుట్టినది. బాగ్దాదునగరములో అల్ మామూన్ ఖలీఫా పాలించిన కాలమున (813–833) అల్ ఖ్వారిజ్మీ అను పండితుడు వ్రాసిన గ్రంథముననుండియే ఐరోపీయులకు ‘ఆల్జీబ్రా’ యను పేరు వచ్చినది. అందులో కూడికకు గుర్తు లేదు, తీసివేతకు గుర్తు లేదు. అంకెలను సైతము మాటలలోనే చెప్పినాడు. తెలియని రాశిని ఆయన ‘వస్తువు’ అనెను. దాని వర్గమును ‘ధనము’ అనెను. నేడు మనము గీచు రెండు సమాన రేఖలను 1557లో వేల్సుదేశీయుడగు రాబర్టు రికార్డు అను వైద్యుడు ప్రవేశపెట్టినాడు. ఒకదానికొకటి అంతగా సమానమైనవి వేరే రెండు వస్తువులు ఉండవని ఆయన యూహ. 1591లో ఫ్రాన్సుదేశపు వియెటా తెలిసిన రాశులకును అక్షరములు వాడెను. 1637లో దెకార్తు ‘ఎక్సు, వై, జెడ్డు’లను వాడుకలోనికి తెచ్చినాడు. 1842లో నెస్సెల్మాను అను జర్మను పండితుడు ఈ చరిత్రనంతయు మూడు మెట్లుగా విభజించెను: అంతయు మాటలైన మెట్టు, మాటలను కుదించి వ్రాసిన మెట్టు, అంతయు గుర్తులైన మెట్టు. విభాగము చక్కనిదే. కాని మొదటి మెట్టునుండి మూడవదానికి మానవజాతి ఎక్కుటకు శతాబ్దములు పట్టగా, మన పిల్లలను ఎనిమిదవ తరగతిలో ఒక్క వారములో ఎక్కుమనుచున్నాము.

మనదేశమున ఆ నడిమి మెట్టు ఎంత అందముగా కట్టబడినదో చూడుడు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతములో ధనమునకు, ఋణమునకు, శూన్యమునకు కూడికలు, గుణకారములు చెప్పెను. ధనము, ఋణము! ఈ రెండు మాటలు చదివినప్పుడెల్ల నాకు నా పద్దు పుస్తకమే జ్ఞప్తికి వచ్చును. పశ్చిమదేశపు పండితులు చిరకాలము ఋణసంఖ్యను అసత్యమైనదనియు, అర్థరహితమైనదనియు శంకించుచు వచ్చిరి. అప్పు చేసి ఎరిగినవానికి ఆ శంక ఎక్కడిది? 1881లో పెషావరు సమీపమున బక్షాలీ గ్రామమున దొరకిన భూర్జపత్ర ప్రతిలో ఋణసంఖ్యకు గుర్తు ఏమనుకొన్నారు? నేడు మనము కూడికకు వేయు గుర్తే, అంకె తరువాత వేసియున్నది! మన పిల్లలెవరైన ఆ పత్రములను చూచినచో అప్పునంతయు ఆస్తిగా చదివికొందురు.

తెలియని రాశికి మనవారు పెట్టిన పేరు యావత్తావత్తు. యావత్ అనగా ఎంత, తావత్ అనగా అంత. తెలుగున చెప్పవలెనన్న ‘ఎంతయో అంత’. ఎంత యుక్తమైన పేరు! ఎంతయో తెలియదు, కాని ఎంతయున్నదో అంతయే. దానిని పట్టుకొని లెక్క సాగింపవచ్చును. తెలియని రాశులు రెండు మూడున్నచో రెండవది కాలకము, మూడవది నీలకము, తరువాత పీతకము, లోహితకము. అనగా నలుపు, నీలము, పసుపు, ఎరుపు. ఈ పేర్లలో మొదటి అక్షరములను మాత్రము తీసికొని ‘యా, కా, నీ’ అని వ్రాసిరి. తెలిసిన అంకెకు ‘రూ’, అనగా రూపము. ఋణమగు అంకె నెత్తిన ఒక చుక్క. ఇంతకంటె సరంజామా లేదు. మా తండ్రిగారి గొలుసుకట్టులోను అంతే. నిత్యము వచ్చు మాటకు తల మిగిలి మొండెము పోవును.

ఇక భాస్కరాచార్యుని వద్దకు వత్తము. ఆయన 1114లో జన్మించి, ముప్పదియారవ యేట, 1150లో, సిద్ధాంతశిరోమణిని రచించెను. లీలావతియు, బీజగణితమును అందలి భాగములుగానే ప్రసిద్ధములు. బీజగణితములో ఏకవర్ణ సమీకరణమునకు ఆయన ఇచ్చిన ఉదాహరణము నావంటి లెక్కల గుమాస్తాకు పండుగవంటిది. ఇద్దరు మనుష్యులు. మొదటివానియొద్ద మూడువందల రూపములు, ఆరు గుఱ్ఱములు కలవు. రెండవవానియొద్ద పది గుఱ్ఱములు కలవు గాని, నూరు రూపముల అప్పున్నది. గుఱ్ఱములన్నింటి వెలయు ఒకటే. ఇద్దరి ధనము సమానము. గుఱ్ఱము వెల యెంత?

వెల యావత్తావత్తు. రెండు పక్షములను ఒకదానిక్రింద నొకటి వ్రాయవలెను:

యా 6 రూ 300
యా 10 రూ 100

క్రింది నూరు నెత్తిన చుక్క యుండును. అది అప్పు గదా. పది యావత్తులనుండి ఆరు పోను నాలుగు. రూపములలో మూడువందలనుండి ఋణము నూరు తీసివేయగా నాలుగువందలు. నాలుగువందలను నాలుగింట భాగింపగా గుఱ్ఱము వెల నూరు. ఇద్దరి ఆస్తియు తొమ్మిదేసి వందలు.

ఇంతవరకు ఎవ్వరైన చేయుదురు. భాస్కరుడు ఇక్కడ ఆగలేదు. గుఱ్ఱములు అవియే, అప్పు అదియే. కాని ‘సమానము’ అను మాటను తీసివేసి, మొదటివాని ధనములో సగమునకు రెండు కలిపినచో రెండవవాని ధనమునకు సమానమగునన్నాడు. అప్పుడు గుఱ్ఱము వెల ముప్పదియారు. మరల దానినిని మార్చి, మొదటివాడు రెండవవానికంటె మూడింతల ధనవంతుడన్నాడు. వెల ఇరువదియైదు. అంకె ఒక్కటియు కదలలేదు. ఒక్క వాక్యము మారగా నూరు రూపముల గుఱ్ఱము ఇరువదియైదు రూపములకు దిగినది! శిష్యుడు లెక్క చేయగలడా అని పరీక్షించుట కాదిది. వాక్యము చదువగలడా అని పరీక్షించుట.

మూడవ ప్రశ్నలో ఒక గోతి యున్నది. ‘మూడింతలు’ అను మాట వినగానే, ఎక్కువవాని ప్రక్కను మూడు వేయవలెనని చేయి పోవును. అట్లు వేసినచో గుఱ్ఱము వెల ఋణము నూటయిరువదియైదు వచ్చును. అనగా గుఱ్ఱమును తోలుకొనిపోవువానికి మనమే ఎదురు డబ్బియ్యవలెను. తక్కువవాని ధనమును మూడుచే హెచ్చించిననే కదా ఎక్కువవానితో సరితూగునది? ఈ గోతిలో పడినది మన పిల్లలు మాత్రమే కాదు. 1981లో అమెరికాదేశపు గణితపత్రికలో వెలువడిన ఒక వ్యాసమున ఇట్టి విషయమే చెప్పబడినది. ఒక కళాశాలలో విద్యార్థులు అధ్యాపకులకు ఆరింతలున్నారు, దీనిని సమీకరణముగా వ్రాయుడని ఇంజనీరింగు విద్యార్థుల నడుగగా, మూడవవంతుకు పైగా తప్పు వ్రాసిరట. తప్పు వ్రాసినవారిలో చాలమంది ఆరును విద్యార్థుల ప్రక్కనే పెట్టిరి. యంత్రములు కట్టబోవువారి గతియే అట్లున్న, మన పల్లెపిల్లలను మందమతులనుట న్యాయమా?

భాస్కరునికంటె మూడువందల ఏండ్లు ముందు, రాష్ట్రకూటరాజగు అమోఘవర్షుని ఆదరమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. ఆయన జైనుడు. ఆ గ్రంథమును రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతో పరిష్కరింపగా 1912లో మద్రాసు ప్రభుత్వమువారు ప్రకటించిరి. దానిలో భిన్నముల లెక్కలను ఆయన జాతులుగా విడదీసినాడు. మొత్తములో ఇన్నవ భాగము, ఇన్నవ భాగము అని తీయుచు పోవునది భాగజాతి. ఒకటి తీసి, మిగిలినదానిలో మరల భాగము తీయునది శేషజాతి. పైకి చూడ రెండును ఒకటిగనే యుండును. వాని నడుమనున్న అంతరమంతయు ‘శేషము’ అను మూడక్షరముల మాటలో ఉన్నది.

ఆయన చెప్పిన ముత్యాలహారపు లెక్క ఒకటి కలదు. ప్రణయకలహమున హారము తెగి ముత్యములు చెదరినవి. మూడవవంతు దాసి చేతికి దొరకినది. ఆరవవంతు పానుపుమీద పడినది. మిగిలినదానిలో సగము, దాని శేషములో సగము, ఇట్లు ఆరుమార్లు, అక్కడక్కడ పడిపోయినవి. తుదకు దారమున 1161 నిలిచినవి. మొత్తము ముత్యములెన్ని? మూడవవంతును ఆరవవంతును మొత్తములోనివి; రెండును కలిసి సగము. ఆ మిగిలిన సగమునుండి ఆరుమార్లు సగము చేయుట శేషములోనిది. కనుక నిలిచినది మొత్తములో నూటయిరువదియెనిమిదవ భాగము. 1161ని 128చే హెచ్చింపగా 148608. అన్ని ముత్యముల హారమును మోసిన ఆ యువతి మెడనుగూర్చి మహావీరుడు ఆలోచించినట్లు కనబడదు! కాని ఒకే లెక్కలో ముందు భాగజాతిని, వెనుక శేషజాతిని కలిపి, ఎక్కడ మొత్తమో ఎక్కడ శేషమో చూచుకొని నడువుమని చెప్పక చెప్పినాడు.

ఈ మాట ఇంత నొక్కి చెప్పుటకు నాకు కారణము కలదు. నేను ఇరువదిమూడేండ్లవాడనై క్రొత్తగా లెక్కలు వ్రాయుచున్న దినములలో, ఒక ఆసామికిని ఆయన సాగుదారునకును పంట పంచు లెక్క నాచేతికి వచ్చినది. కాగితములో ఇట్లున్నది: పంటలో నాలుగవ పాలు ఖర్చుల క్రింద తీయవలెను; మూడవ పాలు ఆసామికి ఇయ్యవలెను; మిగిలినది సాగుదారుది. పంట అరువది బస్తాలు. నేను చకచక వ్రాసితిని: ఖర్చులు పదునైదు, ఆసామికి ఇరువది, సాగుదారునకు ఇరువదియైదు, వెరసి అరువది. లెక్క సరిపోయినది. సాగుదారు నా ప్రక్కను నిలుచుండి, “బాబూ, ఖర్చులు పోయాక మిగిలినదాంట్లో గదా మూడో పాలు” అని మెల్లగా అన్నాడు. కాగితములో ఆ మాట లేదని నేను చూపితిని. ఆయనకు చదువు రాదు. కాగితమును చూచి, నన్ను చూచి, కండువా దులుపుకొని వెళ్లిపోయెను.

రాత్రి మా తండ్రిగారు ఆ కాగితమును దీపమువద్ద పెట్టి చదివిరి. తరతరాలుగా మా ప్రక్క పాలు పంచునది ఖర్చులు పోను మిగిలినదానిలోనే. నలుబదియైదులో మూడవ పాలు పదునైదు. సాగుదారునకు ముప్పది రావలెను. “నీ లెక్క తప్పలేదురా, మాట తప్పింది” అన్నారు. ఆ ఐదు బస్తాలను మరుసటి పంటలో సరిపెట్టిరి. కాని ఆ నడిమి వేసవిలో ఆయన ఇంటికి వడ్లు అప్పు తేవలసివచ్చెనని పిదప తెలిసినది. అప్పటికి నేను మహావీరుని పేరైనను వినలేదు. భాగజాతికిని శేషజాతికిని నడుమ భేదమును నేను ఏ శాస్త్రమునను నేర్వలేదు. ఆ ఐదు బస్తాలలో నేర్చితిని. నాటినుండి నేను వ్రాయు ఏ కాగితములోనైన ‘పాలు’ అను మాటకు ముందు ‘మొత్తములో’ అనియో, ‘మిగిలినదానిలో’ అనియో వ్రాయక కలము దించను.

మన తెలుగులో ఈ గణితమునకు ఆద్యుడు పావులూరి మల్లన. నన్నయకు సమీపకాలమువాడని పండితులందురు. మహావీరుని గ్రంథమునే సారసంగ్రహగణితమను పేర ఆయన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మూలములోని జినప్రస్తావనలకు మారుగ శివుని నిలిపెను. శాస్త్రమును పద్యమున చెప్పుటలో ఒక సౌకర్యము, ఒక చిక్కు కలవు. అంకెలకు బదులు మాటలు వేయుట వాడుక. నేత్రమన్న రెండు, వేదమన్న నాలుగు, శరమన్న మన్మథుని బాణములు గనుక అయిదు, రుద్రులన్న పదునొకండు. మన శాసనములలో శకవర్షములు చాలచోట్ల ఈ విధముగనే చెప్పబడినవి. చదువునప్పుడు మొదటి మాట ఒకట్ల స్థానమున ప్రారంభించి ఎడమకు పోవలెను. చదరంగపు అరువదినాలుగు గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అని ఇనుమడించుచు పోయిన మొత్తమును చెప్పు పద్యమొకటి మల్లనదిగా ప్రసిద్ధము. అది శరమను మాటతో మొదలగును. ఆ మాటలను వరుసగా అంకెలుగా మార్చి కుడినుండి పేర్చగా 18446744073709551615 వచ్చును, ఇరువది స్థానములు. ఒకసారి ఒక సెలవుదినమున నేను రెట్టింపులు చేయుచు పోయి సరిచూచితిని. కాగితములు చాల పట్టినవి గాని, మల్లన లెక్క ఒక్క అంకెయు తప్పలేదు.

అన్నియు మాటలేనని చెప్పితిని గదా, మన పద్దులలోని మాటలే ఎంత గణితమును మోయుచున్నవో గమనించితిరా? ‘చొప్పున’ అన్న హెచ్చవేత. ‘పోను’ అన్న తీసివేత. ‘కంటె’ అన్న భేదము. ‘లో’ అన్న భాగము. ‘వెరసి’ అన్న మాటయే కరణమునకు రికార్డుగారి రెండు గీతలు. బస్తా ఇంత చొప్పున ఇన్ని బస్తాలకు వెరసి ఇంత, అందులో తోలుడు పోను నిలువ ఇంత అని ఒక రైతు గుక్కతిప్పక చెప్పునప్పుడు, ఆయన సమీకరణము చెప్పుచున్నాడు. దానిని ఎక్సులలో వ్రాయుమన్నచో బెదరును. నేను పిల్లలకు చెప్పునది ఒక్కటే ఉపాయము: ముందు తెలియనిదేదో దానికి పేరు పెట్టుడు; పిదప లెక్కను మీ యింటి మాటలలో మీ అమ్మకు చెప్పినట్లు చెప్పుడు; చెప్పిన మాటలలో ‘లో, పోను, చొప్పున, కంటె’ యనునవి ఎక్కడెక్కడ పడినవో చూచి, ఆ చోటులలోనే గుర్తులు వేయుడు. వచ్చిన జవాబును మరల ఆ మాటలలోనికి పోసి చూడుడు. ఋణము పండ్రెండేండ్ల కుమారుడు అప్పుడు తనంతట తానే పట్టుబడును.

ఆ బాలిక తరువాతకూడ వచ్చుచునే యున్నది. ఒకనాడు నేను ఆమెకు భాస్కరుని తుమ్మెదల లెక్కను నా మాటలలో చెప్పితిని. ఒక తుమ్మెదల గుంపు, దాని సగమునకు వర్గమూలమెంతయో అన్ని మాలతీలతను చేరినవి, మొత్తములో తొమ్మిదింట ఎనిమిది పాళ్లు కూడ అటే పోయినవి, రాత్రి తామరలో చిక్కి లోపల ఝంకారము చేయుచున్న మగతుమ్మెదకు వెలుపలినుండి ఒక ఆడుతుమ్మెద బదులు పలుకుచున్నది, మొత్తమెన్ని? సగమునకు మూలము కావలెను గనుక, గుంపును యావత్తు వర్గమునకు రెట్టింపుగా తీసికొమ్మని మాత్రము సూచించితిని. తక్కినది ఆమెకే విడిచితిని.

మూడు దినములకు వచ్చినది. మూడు పుటలు నింపినది.

“మామయ్యగారూ, నూటయాభైమూడుకి వర్గమూలం కావాల్సివచ్చింది. తెగలేదండీ.”

కాగితము చూచితిని. అంతయు ఒప్పే, చివర మిగిలిన తుమ్మెదల సంఖ్య మాత్రము ఒకటి వేసినది.

“అమ్మాయీ, ఆడతుమ్మెద ఎవరికి బదులు పలుకుతోంది?” అంటిని.

ఆమె కాగితమువంక చూచినది. తరువాత కిటికీవంక చూచినది. తామరలోని దానిని లెక్కింపలేదని గ్రహించి, ఒకటిని కొట్టివేసి రెండు చేసి, అక్కడనే నిలువబడి మరల కట్టినది. యావత్తు ఆరు, దాని వర్గము ముప్పదియారు, రెట్టింపు డెబ్బదిరెండు. మాలతికి ఆరు, తొమ్మిదింట ఎనిమిది పాళ్లు అరువదినాలుగు, తామరవద్ద రెండు. వ్రేళ్లమీద వెరసి చూచుకొని, ఆ సంఖ్య చుట్టును గీత గీచి, అల్మరనుండి మరియొక పుస్తకము తీసికొని కూర్చున్నది.